ప్రీబయోటిక్ కలిపిన ఆహారం: ఎన్ని గ్రాములు, ఎంత నిదానంగా?

భోజనానికి తీరిక దొరకని ఒక మధ్యాహ్నం, "పీచు ఎక్కువ, చక్కెర తక్కువ" అని రాసున్న బార్లు రెండు తినేశాను. తియ్యగా, మెత్తగా బాగానే ఉన్నాయి. సాయంత్రం మీటింగ్‌లో కూర్చున్నాక మొదలైంది. ముందు కడుపులో గుడగుడ, తర్వాత పొట్ట డోలులా బిగిసిపోవడం, ఆ తర్వాత కుర్చీలో కదలాలన్నా భయం. పక్కనున్నాయన ఏసీ చప్పుడనుకున్నాడో, మర్యాదకి ఊరుకున్నాడో ఇప్పటికీ తెలీదు. రాత్రి రేపర్ తిప్పి చూస్తే, పదార్థాల జాబితాలో రెండో పేరు చికోరీ వేరు పీచు. ఒక్కో బార్‌లో 9 గ్రాములు. అలవాటు లేని కడుపులోకి ఒకే దెబ్బకి 18 గ్రాములు పంపించానన్నమాట.

బార్‌లో ఉన్నది మంచి సరుకే. నేను తిన్న తీరే బాగాలేదు. ప్రీబయోటిక్ అనగానే అందరూ "ఏది తినాలి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు తేలికే. ఎన్ని గ్రాములు తినాలి, ఎన్ని రోజుల్లో అక్కడిదాకా వెళ్లాలి అన్నదే అసలు తిప్పలు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు, లోపల ఏం జరుగుతుందో

ప్రోబయోటిక్ అంటే బతికున్న బ్యాక్టీరియా. ప్రీబయోటిక్ అంటే ఆ బ్యాక్టీరియాకి వేసే మేత. ఒక్క అక్షరం తేడా కావడంతో జనం రెండిటినీ కలిపేస్తుంటారు. ప్రీబయోటిక్ అనే మాటని 1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రోబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తెచ్చారు. 2017లో ఈ రంగం నిపుణులు కూర్చుని నిర్వచనాన్ని సరిచేశారు. దాని సారం ఇది: మన ఒంట్లోని సూక్ష్మజీవుల్లో కొన్ని ఆ పదార్థాన్ని ఏరి కోరి వాడుకోవాలి, దానివల్ల మనకి ఆరోగ్యపరంగా మేలు జరగాలి. ఈ రెండూ ఉంటేనే ప్రీబయోటిక్. కాబట్టి ప్రతి పీచూ ప్రీబయోటిక్ అవదు.

ఎక్కువగా పరిశోధన జరిగినది ఇన్యులిన్. నా బార్లలోని చికోరీ వేరు పీచు అంటే ఇదే. ఫ్రక్టోజ్ అనే చక్కెరని పూసల దండలా గుచ్చితే వచ్చే పదార్థం అది. దండలో రెండు పూసలుండొచ్చు, అరవై ఉండొచ్చు. పది లోపు ఉన్న పొట్టి దండల్ని ఒలిగోఫ్రక్టోజ్ అంటారు. పూసకీ పూసకీ మధ్య ఉన్న ముడిని విప్పే ఎంజైము మనిషి దగ్గర లేదు. అందుకని ఇది పొట్టనీ చిన్నపేగునీ దాటుకుని దాదాపు చెక్కుచెదరకుండా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడుండే బైఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియాకి ఆ ముడి విప్పడం వెన్నతో పెట్టిన విద్య.

బైఫిడోబ్యాక్టీరియా తినేసి అసిటేట్, లాక్టేట్ వదులుతాయి. వాటిని ఫీకాలిబ్యాక్టీరియం, అనేరోస్టైపీస్ లాంటి వేరే జాతులు అందుకుని బ్యూటిరేట్‌గా మారుస్తాయి. ఒకరి ఎంగిలి ఇంకొకరికి విందు. పెద్దపేగు లోపలి గోడ కణాలు తమకి కావలసిన శక్తిలో మూడింట రెండొంతుల దాకా ఈ బ్యూటిరేట్ నుంచే తీసుకుంటాయి. ఒంట్లో మిగతా కణాలు రక్తం తెచ్చే ఇంధనం కోసం చూస్తుంటే, ఇవి మాత్రం బ్యాక్టీరియా వండిపెట్టింది తిని బతుకుతాయి. ఇదంతా జరిగేటప్పుడు పెద్దపేగులో ఆమ్లత్వం కాస్త పెరుగుతుంది. ఆ పులుపు కొన్ని హానికర బ్యాక్టీరియాకి గిట్టదు.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒక రకం ఒలిగోశాకరైడ్లు, అంటే పొట్టి చక్కెర దండలు. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. అవి బిడ్డ కడుపులోని బైఫిడోబ్యాక్టీరియా కోసం. ఆ బ్యాక్టీరియాని మొదట గుర్తించింది కూడా పాలు తాగే పసిపిల్లల మలంలోనే. 1899లో పారిస్‌లో హెన్రీ టిస్సియే చేసిన పని అది. తల్లి బిడ్డకి పాలిస్తూ, బిడ్డలోని బ్యాక్టీరియాకి కూడా వాటా పెడుతోందన్న సంగతి తెలిసినప్పుడు నేనైతే కాసేపు చదవడం ఆపేశాను.

మరి మోషన్‌కి దీనితో ఏం సంబంధం? మలంలో నీళ్లు తీసేస్తే మిగిలేదాంట్లో చాలా భాగం బ్యాక్టీరియానే. మేత దొరికితే అవి పెరుగుతాయి. వాటితోపాటు అవి పట్టుకున్న నీళ్లూ పెరుగుతాయి. మలం కాస్త మెత్తబడి, బరువెక్కి, పేగుని ముందుకు కదిలిస్తుంది. అయితే దీన్ని గోధుమ పొట్టుతో పోల్చుకోకండి. పొట్టు పెద్దగా పులియదు, తన బరువుతో, పట్టుకున్న నీళ్లతో మలాన్ని లావు చేస్తుంది. పొట్టులోని ఒక గ్రాము పీచుకి మలం బరువు 5 గ్రాముల దాకా పెరిగితే, ఒక గ్రాము ఇన్యులిన్‌కి పెరిగేది 1 నుంచి 2 గ్రాములే. ఇసబ్‌గోల్ కూడా పొట్టు లాంటిదే: నీళ్లు పీల్చి జిగురుగా మారుతుంది, బ్యాక్టీరియా దాని జోలికి అంతగా పోదు. రేపు పొద్దున్నకల్లా మోషన్ అవ్వాలంటే ఇన్యులిన్ మీద ఆశ పెట్టుకోకండి. అది వారాల లెక్కలో పనిచేసేది.

అడుగు 1: మీరు మొదలుపెట్టొచ్చా?

చాలామంది పెట్టొచ్చు. కొందరు ముందు డాక్టర్‌ని అడగాలి.

మలంలో రక్తం పడటం, మలం తారులా నల్లగా రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపేంత విరేచనాలు, నడివయసు దాటాక మోషన్ అలవాటు ఉన్నట్టుండి మారి కొన్ని వారాలుగా అలాగే ఉండటం: ఇవి ఉంటే పీచు సంగతి పక్కన పెట్టి ముందు పరీక్షలు చేయించుకోండి. కడుపు విపరీతంగా నొప్పి, వాంతులు, గ్యాస్ కూడా బయటికి పోకపోవడం కలిసి వస్తే అది ఎమర్జెన్సీ.

ఐబీఎస్, అంటే పేగులో వేరే జబ్బేమీ కనిపించకపోయినా కడుపునొప్పి, మోషన్ తేడాలు వస్తూండే సమస్య ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఐబీఎస్‌కి రూపొందించిన ఫాడ్‌మ్యాప్ అనే ఆహార పద్ధతిలో ముందుగా తగ్గించమనే వాటిలో ఇన్యులిన్, ఒలిగోఫ్రక్టోజ్ ఉంటాయి. ఒకరికి మందైనదే ఇంకొకరికి మంట. వాళ్లు డైటీషియన్ పర్యవేక్షణలో, చాలా చిన్న మోతాదుతో ప్రయత్నించడం మంచిది. సగం విడగొట్టిన గ్వార్ గమ్ (గోరుచిక్కుడు గింజల జిగురు) లాంటి నెమ్మదిగా పులిసే పీచు కొందరికి బాగా పడుతుంది.

క్రోన్స్ అనే పేగువాపు వ్యాధి చురుగ్గా ఉన్నప్పుడు "గట్‌కి మంచిది కదా" అని సొంతంగా మొదలుపెట్టొద్దు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో అలాంటి రోగులకి నాలుగు వారాలపాటు రోజుకి 15 గ్రాముల ఫ్రక్టో ఒలిగోశాకరైడ్లు (ఫ్రక్టోజ్ పొట్టి దండలు) ఇచ్చి చూశారు. జబ్బు తగ్గలేదు. పైగా మధ్యలో మానేసినవాళ్లు ప్రీబయోటిక్ తీసుకున్న గుంపులోనే ఎక్కువ. పుట్టుకతో ఫ్రక్టోజ్ పడనివాళ్లు, ఈమధ్యే పేగుకి ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లల తల్లిదండ్రులు కూడా డాక్టర్‌ని అడిగాకే ముందుకెళ్లాలి. ఇన్యులిన్‌కి ఎలర్జీ రావడం చాలా అరుదు, కానీ వచ్చిన సందర్భాలున్నాయి. తిన్నాక పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి వెళ్లాలి.

అడుగు 2: ఒక వారం ఏమీ మార్చకుండా రాసుకోండి

ఇది అందరూ ఎగ్గొట్టే అడుగు. ఇప్పుడు ఎలా ఉందో రాసి పెట్టుకోకపోతే, నెల తర్వాత బాగుపడ్డామో లేదో చెప్పేది ఎవరు? జ్ఞాపకం నమ్మదగ్గ సాక్షి కాదు, ముఖ్యంగా ఈ విషయంలో.

ఫోన్‌లో రోజుకో లైను చాలు. ఎన్నిసార్లు వెళ్లారు, ముక్కాల్సి వచ్చిందా, ఇంకా మిగిలిపోయినట్టు అనిపించిందా, ఉబ్బరం పదికి ఎంత, మలం ఏ రకం.

రకం అంటే బ్రిస్టల్ స్కేలు ప్రకారం. బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఈ పట్టికలో ఏడు రకాలుంటాయి. ఒకటి: మేకపెంటికల్లా విడివిడిగా, గట్టిగా. రెండు: గడ్డలన్నీ అతుక్కున్నట్టు. మూడు: పొడుగ్గా, పైన పగుళ్లతో. నాలుగు: నున్నగా, మెత్తగా. అయిదు: మెత్తని ముక్కలు. ఆరు: అంచులు చెదిరిన ముద్ద. ఏడు: నీళ్లే. మూడు, నాలుగు వస్తుంటే పేగు హాయిగా ఉన్నట్టు. ఒకటి, రెండు అయితే మలం లోపల ఎక్కువసేపు ఉండి ఎండిపోతోందని అర్థం.

ఇక ఎన్నిసార్లు అన్నది. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే. రోజూ పొద్దున్నే ఒకసారి కాకపోతే ఏదో జబ్బని టెన్షన్ పడేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండు రోజులకోసారి ముక్కకుండా, నాలుగో రకంగా అయితే అందులో బాగుచేయాల్సింది ఏమీ లేదు.

అడుగు 3: పాకెట్ వెనక్కి తిప్పండి

పాకెట్ ముందువైపు రాసిందంతా అమ్మడం కోసం. వెనకవైపు రాసింది చట్టం కోసం. అందుకే వెనకవైపే చదవాలి.

ప్రీబయోటిక్‌కి లేబుల్ మీద చాలా పేర్లు. ఇన్యులిన్, చికోరీ పీచు, చికోరీ వేరు సారం, ఒలిగోఫ్రక్టోజ్, ఫ్రక్టో ఒలిగోశాకరైడ్లు లేదా పొట్టిగా ఎఫ్‌ఓఎస్, గెలాక్టో ఒలిగోశాకరైడ్లు లేదా జీఓఎస్. మొదటి మూడూ దాదాపు ఒకటే. పాలిడెక్స్‌ట్రోజ్, రెసిస్టెంట్ డెక్స్‌ట్రిన్ కూడా ఇలాంటి పాకెట్ల మీద కనిపిస్తుంటాయి. వాటి మీద ఆధారాలు ఇన్యులిన్ మీద ఉన్నన్ని లేవు. సెల్యులోజ్ కనిపిస్తే అది పీచే, ప్రీబయోటిక్ అనడానికి లేదు.

కంపెనీలకి ఇన్యులిన్ అంటే మోజు ఎందుకంటే, అది పీచు ఒక్కటే కాదు. నీళ్లతో కలిస్తే వెన్నలాంటి నునుపు ఇస్తుంది, కాబట్టి కొవ్వు తీసేసిన పెరుగులో, ఐస్‌క్రీమ్‌లో ఆ లోటు పూడుస్తుంది. పొట్టి దండల రకం చక్కెర తీపిలో మూడో వంతు తియ్యగా ఉంటుంది, కాబట్టి చక్కెర తగ్గించిన బార్లలో పడుతుంది. అంటే మీరు ప్రీబయోటిక్ కొనాలనుకోకపోయినా, "లో ఫ్యాట్", "లో షుగర్" పేర్లతో ఇప్పటికే తింటూ ఉండొచ్చు. కారణం తెలియని ఉబ్బరం ఉన్నవాళ్లు ఒకసారి వంటింట్లో ఉన్న పాకెట్లన్నీ తిరగేసి చూడాలి.

ఒక బిస్కెట్ పాకెట్ ఊహించుకోండి. ముందు పెద్ద అక్షరాలతో "ప్రీబయోటిక్ పీచుతో". వెనక్కి తిప్పితే, ఒక సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లు, 25 గ్రాములు. అందులో పీచు 2 గ్రాములు, చక్కెర 6 గ్రాములు. జాబితాలో మొదట గోధుమపిండి, తర్వాత చక్కెర, నూనె, ఇంకేవో మూడు, అప్పుడు చికోరీ పీచు. జాబితా బరువు వరసలో ఉంటుంది కాబట్టి చికోరీ తక్కువే. 2 గ్రాముల పీచులో సగం పిండి నుంచే వచ్చిందనుకుంటే, ఇన్యులిన్ మిగిలేది ఒక గ్రాము. రోజుకి 5 గ్రాములు కావాలంటే పది బిస్కెట్లు తినాలి, వాటితోపాటు 30 గ్రాముల చక్కెర మింగాలి. బ్యాక్టీరియా పేరు చెప్పి మనం బిస్కెట్లు తినడమే తప్ప ఇంకేం కాదు.

అదే ఒక పెరుగు కప్పులో 3, 4 గ్రాములు ఇన్యులిన్ ఉండి, విడిగా చక్కెర కలపకుండా ఉంటే అది పనికొచ్చే సరుకు. ఎన్ని గ్రాములో ఎక్కడా రాయకపోతే, నా లెక్కలో లేనట్టే.

ఎంత ఉంటే పనిచేస్తుందన్నదానికి ఒక కొలబద్ద ఉంది. చికోరీ ఇన్యులిన్ మలవిసర్జన సార్లను పెంచి పేగుని మామూలుగా పనిచేసేలా తోడ్పడుతుందని రాసుకోవడానికి యూరోపియన్ యూనియన్ 2015లో అనుమతిచ్చింది. షరతు: రోజుకి 12 గ్రాములు తీసుకోవాలి. 2017లో వెలువడిన మరో పరిశోధనలో కొద్దిపాటి మలబద్ధకం ఉన్న ఆరోగ్యవంతులకి ఇదే 12 గ్రాములు నాలుగు వారాలు ఇచ్చి చూస్తే, బైఫిడోబ్యాక్టీరియా, అనేరోస్టైపీస్ పెరిగాయి, బైలోఫిలా తగ్గింది. మిగతా సమూహం పెద్దగా కదల్లేదు. ఇది గుర్తుపెట్టుకోదగ్గ విషయం. "మీ గట్‌ని పూర్తిగా రీసెట్ చేస్తుంది" అనే ప్రకటనలకీ, నిజంగా జరిగేదానికీ మధ్య ఇంత దూరం ఉంది. మారేది కొన్ని జాతులు, అదీ తిన్నన్నాళ్లే.

అడుగు 4: మామూలు తిండిలో ఇప్పటికే ఎంత తింటున్నారు?

పాకెట్ కొనేముందు ఈ లెక్క వేసుకోండి, కొనాల్సిన అవసరమే లేకపోవచ్చు.

100 గ్రాముల పచ్చి ఉల్లిపాయలో ఇన్యులిన్ సుమారు 4 గ్రాములు. వెల్లుల్లిలో 100 గ్రాములకి 12 దాకా ఉంటుంది, కానీ 100 గ్రాముల వెల్లుల్లి తినేవాళ్లెవరు? రెండు రెబ్బలు వేస్తే వచ్చేది ఒక గ్రాము లోపే. గోధుమపిండిలో రెండున్నర గ్రాములకి అటూ ఇటూ. అమెరికన్లు రోజూ తినే ఇన్యులిన్ ఎక్కడినుంచి వస్తోందో లెక్కగడితే మొదటి స్థానం గోధుమది, రెండోది ఉల్లిది. శాతం తక్కువైనా రోజూ తింటారు కాబట్టి. ఏ ఖరీదైన వేరూ దగ్గరికి రాలేదు.

అరటిపండుని ప్రీబయోటిక్ జాబితాల్లో మొదట రాస్తుంటారు. పండిన అరటిలో ఇన్యులిన్ 100 గ్రాములకి అర గ్రామే. కాయగా ఉన్నప్పుడైతే కథ వేరు. పచ్చికాయలోని పిండిపదార్థంలో పెద్ద భాగం చిన్నపేగులో అరగని రకం, దాన్నే రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. కాయ పసుపెక్కేకొద్దీ అది చక్కెరగా మారిపోతుంది. తోలు మీద ఇంకా పచ్చ చారలు ఉన్నప్పుడు తింటే కొంత దక్కుతుంది, నల్ల మచ్చలు వచ్చాక తింటే తీపి దక్కుతుంది.

రెసిస్టెంట్ స్టార్చ్‌ని ఇంట్లోనే పెంచుకునే పద్ధతి ఒకటుంది. బంగాళాదుంప గానీ అన్నం గానీ వండి, చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే, విడిపోయిన పిండి గొలుసులు మళ్లీ దగ్గరగా పేర్చుకుంటాయి. మన ఎంజైములకి అవి సందు ఇవ్వవు. మళ్లీ వేడిచేసినా ఆ గట్టిదనం చాలావరకు నిలుస్తుంది. వండింది గంటలకొద్దీ బయట వదిలేయకుండా తొందరగా ఫ్రిజ్‌లో పెట్టాలి, తినేముందు పొగలు వచ్చేలా వేడిచేయాలి. లేదంటే మంచి బ్యాక్టీరియా సంగతి అటుంచి, చెడ్డవి ముందు చేరతాయి.

బీన్స్, శనగలు, పప్పుధాన్యాల్లో గెలాక్టో ఒలిగోశాకరైడ్లు ఉంటాయి. వాటితో గ్యాస్ రావడానికి కారణం కూడా అవే. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది.

ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యాలు రోజూ తినేవాళ్లకి ఇప్పటికే కొన్ని గ్రాములు అందుతున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది రోజుకి కనీసం 25 గ్రాముల పీచు, అదీ ఆహారంలో సహజంగా ఉన్నది. నా సలహా అయితే ముందు దాన్ని పూరించండి. తక్కువపడ్డ నాలుగైదు గ్రాముల కోసం పాకెట్ దగ్గరికి వెళ్లండి. తిండిలో పీచు అన్ని రకాలదీ కలిసి వస్తుంది, పాకెట్‌లో సాధారణంగా ఒకే రకం ఉంటుంది. బ్యాక్టీరియా జాతులు వందల్లో ఉన్నప్పుడు అందరికీ ఒకే కూర వడ్డిస్తే ఎలా?

అడుగు 5: మోతాదు పెంచడం

మొదటి వారం రోజుకి 2, 3 గ్రాములు, ఒకే పూట, భోజనంతో కలిపి. ఖాళీ కడుపున వద్దు, తిండితో పాటైతే పేగుకి నెమ్మదిగా చేరుతుంది. రెండో వారం 5 గ్రాములు, రెండు పూటలుగా. మూడో వారం 7, 8. నాలుగో వారం నుంచి, ఇంకా అవసరమనిపిస్తే, 10 నుంచి 12. అదీ రెండు మూడు భాగాలుగా. ఏ వారమైనా ఉబ్బరం ఎక్కువైతే ఒక మెట్టు దిగి, అక్కడే ఇంకో వారం ఉండండి. ఇది పరుగుపందెం కాదు, ఆరు వారాలు పట్టినా నష్టమేం లేదు. 5 గ్రాముల దగ్గరే మోషన్ చక్కబడితే అక్కడే ఆగిపోండి.

పౌడర్ వాడేవాళ్లు స్పూన్ లెక్కని నమ్మొద్దు. ఒక్కో బ్రాండ్ పొడి ఒక్కోలా తేలికగా ఉంటుంది. వంటింటి త్రాసు ఉంటే ఒక్కసారి తూచి, మీ స్పూన్‌కి ఎంత వస్తుందో డబ్బా మీద మార్కర్‌తో రాసుకోండి.

పొట్టి దండల రకం, అంటే ఒలిగోఫ్రక్టోజ్, పెద్దపేగు మొదట్లోనే గబగబా పులిసిపోతుంది. పొడుగు దండల ఇన్యులిన్ కాస్త నిదానంగా పులుస్తుంది. ఎక్కువమంది ఆరోగ్యవంతులకి ఒలిగోఫ్రక్టోజ్ 5 గ్రాముల దాకా, ఇన్యులిన్ 10 గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది ఉండదు. గ్యాస్ భయం ఉన్నవాళ్లు పేరు చూసి పొడుగు రకంతోనే మొదలుపెట్టాలి.

నీళ్లు మామూలుకన్నా కాస్త ఎక్కువ తాగండి. ఇన్యులిన్‌కి ఇది అంత ప్రాణావసరం కాదు గానీ, ఇసబ్‌గోల్ కలిపి వాడేవాళ్లకి తప్పనిసరి. నీళ్లు చాలకపోతే అది గొంతులోనో పేగులోనో అడ్డంపడొచ్చు.

వంటలో వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. పుల్లటి వాటిలో వేసి ఎక్కువసేపు మరిగిస్తే ఇన్యులిన్ దండ తెగి మామూలు ఫ్రక్టోజ్ అయిపోతుంది. ఈస్ట్‌తో పులియబెట్టే రొట్టెల పిండిలో కలిపితే కొంత ఈస్టే తినేస్తుంది, మన బ్యాక్టీరియా దాకా రానివ్వదు. చల్లారిన తర్వాత పెరుగులోనో, గంజిలోనో కలుపుకోవడం అన్నిటికన్నా తేలిక.

అడుగు 6: గ్యాస్‌ని అర్థం చేసుకోండి

గ్యాస్ వస్తుంది. రాకపోతేనే అనుమానించాలి. బ్యాక్టీరియా తిన్నప్పుడు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా పుడతాయి. పని జరుగుతోందనడానికి అది గుర్తు.

మొదటి రోజుల్లో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. కారణం ఏంటంటే, మేత రోజూ వస్తోందని తెలిశాక దాన్ని గ్యాస్ తక్కువగా వదిలే దారిలో వాడుకునే జాతులు పెరుగుతాయి. అందుకే రోజూ కొంచెం తినడం, వారానికోసారి బోలెడంత తినడం ఒకటి కావు. నా రెండు బార్ల కథలో జరిగింది ఆ రెండోదే.

మామూలు గ్యాస్ ఎలా ఉంటుందంటే, సాయంత్రానికి పొట్ట కాస్త బిగువుగా ఉండి, బయటికి పోగానే హాయిగా ఉంటుంది. నొప్పి మెలిపెట్టినట్టు ఉన్నా, విరేచనాలు పట్టుకున్నా, సగానికి తగ్గించినా మూడు నాలుగు రోజుల్లో తగ్గకపోయినా మానేయండి. మీ పేగుకి ఆ రకం పడలేదంతే, ఇంకో రకం పడొచ్చు. ఉదాహరణకి రెసిస్టెంట్ స్టార్చ్ విడగొట్టడంలో రూమినోకాకస్ బ్రోమై అనే ఒక జాతిది ముఖ్యపాత్ర. అది లేనివాళ్ల పేగులో ఆ పిండి సరిగా పులియకుండానే బయటికి వెళ్లిపోవచ్చు. మీ ఫ్రెండ్‌కి అద్భుతంగా పనిచేసింది మీకు చేయకపోతే, తప్పు మీది కాకపోవచ్చు, అద్దెకున్నవాళ్లు వేరంతే.

భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే గ్యాస్ త్వరగా కదులుతుంది. అదే రోజు కూల్‌డ్రింకులు, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లు మానండి. ఆ గమ్‌లలో ఉండే సార్బిటాల్ కూడా పెద్దపేగులో పులిసేదే. అది చేసే గొడవకి నింద ఇన్యులిన్ మీద పడుతుంది.

అడుగు 7: నాలుగు వారాలయ్యాక లెక్క చూడండి

ఏమీ మార్చకముందు రాసుకున్న లైన్లూ, మొదలుపెట్టాక నాలుగో వారంవీ పక్కపక్కన పెట్టండి. వారానికి ఒకటి రెండుసార్లు అదనంగా మోషన్ అవడం, రెండో రకం నుంచి మూడుకో నాలుగుకో రావడం, ముక్కడం తగ్గడం: నిజాయితీగా ఆశించదగ్గ మేలు ఇంతే. వారానికి రెండుసార్లు వెళ్లేవాళ్లకి ఇది చిన్న తేడా కాదు. మొదట్నుంచీ నాలుగో రకమే ఉన్నవాళ్లకి ఏ తేడా కనిపించకపోవచ్చు. లోపల బైఫిడోబ్యాక్టీరియా పెరిగే ఉంటాయి, కానీ అది బాత్రూమ్‌లో తెలిసే విషయం కాదు.

బరువు తగ్గుతుందనో, డిప్రెషన్ పోతుందనో ఎవరైనా చెబితే నమ్మే ముందు ఆగండి. ఇవి పరిశోధనలో ఉన్న విషయాలు, ఇంకా తేలలేదు. డబ్బులు పెట్టి ఇంట్లో చేసుకునే మల పరీక్షలో "మీ గట్ స్కోర్ 62" అని వస్తే కూడా అంతే. ఏ బ్యాక్టీరియా ఎంత ఉంటే ఆరోగ్యమో చెప్పే ఒప్పుకున్న కొలత ఇప్పటికి లేదు. మీ ఫోన్‌లోని ఆ ఏడు లైన్లే దానికన్నా నమ్మదగినవి.

నాలుగు వారాలు పూర్తి మోతాదులో వాడినా ఒకటో రకంలోనే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. లాక్టులోజ్ లాంటి మందులున్నాయి. అది కూడా మనకి అరగని చక్కెరే, పెద్దపేగులో బ్యాక్టీరియానే దాన్ని విడగొడతాయి. ఒకరకంగా ప్రీబయోటిక్‌కి అన్నయ్య. థైరాయిడ్ సమస్య, ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మందులు కూడా మలబద్ధకానికి కారణాలే. వాటిని పీచు సరిచేయలేదు.

మేలు కనిపించినవాళ్లకి ఇంకో పరీక్ష. రెండు వారాలు మానేసి చూడండి. మళ్లీ పాత రకానికి వస్తే, పనిచేసింది ప్రీబయోటిక్కే అని తేలుతుంది. ఏమీ మారకపోతే ఆ మార్పు ఎక్కువ నీళ్లదో, నడకదో అయ్యుండొచ్చు, ఆ పాకెట్ ఖర్చు మిగుల్చుకోండి. మేత ఆగిన కొద్దిరోజుల్లోనే బ్యాక్టీరియా పాత లెక్కకి వచ్చేస్తాయి కాబట్టి, ఈ పరీక్షకి రెండు వారాలు సరిపోతాయి.

ప్రయాణంలోనో, జ్వరంలోనో, యాంటీబయోటిక్ కోర్సులోనో వారం పది రోజులు ఆగిపోతే, తిరిగొచ్చాక నేరుగా 10 గ్రాముల దగ్గర మొదలుపెట్టకండి. మళ్లీ 3 గ్రాములు, మళ్లీ ఒకే పూట. ఈసారి మెట్లు మూడు నాలుగు రోజులకోటి ఎక్కొచ్చు.